తాసుల సారు

సిరొంచ కాలేజీల హాజరు పట్టీలు రెండు.
నీలి అట్టది పక్కా నౌకరోళ్లది.
అండ్ల పదకొండు గీతలు, నాలుగు పేర్లు.
మిగిలిన ఏడు గీతల మీద ప్రిన్సిపాల్
ఎర్ర సిరాతోని "రిక్త" అని రాస్తడు,
నెల నెలా, అప్పుడే తెలిసినట్టు.
రెండోది అట్ట లేని నోటుబుక్కు.
అండ్ల మేం.

సోమవారం రెండు తాసులు. మంగళవారం మూడు.
బుధవారం గాంధీ జయంతి, సున్న.
గడియారంల తాసుకు అరవై నిమిషాలు,
మా తాసుకు నలభై ఎనిమిది.
మిగిలిన పన్నెండు ఎవలి జేబుల పడ్తయో,
చరిత్ర జెప్పేటోణ్నే గని
గా ముచ్చట ఏ పుస్తకంల దొరకలె.

గంట గొట్టే పోచం పర్మినెంటు.
ఆ గంటల పాఠం జెప్పే నేను కాదు.
ఇది పోచంకు ఎరుకే.
నా తాసు అయ్యేటప్పుడు రెండు నిమిషాలు ముందే కొట్టి
"ఒకటి పడ్డది సారూ" అని నవ్వుతడు.
నవ్వినంక ఎందుకో
గంట తాడు సదురుకుంట నిలవడ్తడు.

పుస్తకం మరాఠీల, పరీక్ష మరాఠీల.
ముందు బెంచీ తెలుగు, ఎనుక బెంచీ మాడియా.
ఒక్క ముచ్చట మూడు తీర్ల జెప్పినా
పడేది ఒక్క తాసే.
ఓనాడు బోర్డు మీద "వేఠ్" అని రాసిన.
"వెట్టి" అని చదివిన్రు.
ఎవ్వలూ అర్థం అడగలె.

ఫిబ్రవరిల మిరపకాయ పండుతది.
నది అవతలి చేన్లకు
పిల్లలు మూటలు గట్టుకొని పోతరు,
నా రెండో సంవత్సరం క్లాసు
ఎవలిదో ట్రాక్టరు ఎక్కి పోతది.
బెంచీల మీద మనిషి లేకుంటే తాసు లేదు.
దుర్గం సవిత ఒక్కతే వచ్చింది ఆ వారం,
కాల్ల ముల్లు ఇరిగి, కూలికి పోలేక.
ఆమె ముల్లు పుణ్యాన నాకు మూడు తాసులు పడ్డయి.
ఇది రాస్తుంటే సుత సిగ్గయితంది.

కమిటీ వచ్చిన రోజు మాత్రం
మా అందరికీ కుర్చీలు దొరికినయి.
ఖాళీ గీతలకు మా మొగాలు అతికిచ్చిన్రు.
తమ్ముని పెండ్లి కోటు తొడుక్కొని కూసున్న.
"ఎన్నేండ్ల నుంచి జెప్తున్నరు?" అన్నడు పెద్దాయన.
"తొమ్మిదేండ్లు" అన్న.
అబద్ధం కాదు.
తొమ్మిది సెప్టెంబర్లల్ల పెట్టుకున్నరు,
తొమ్మిది మార్చిలల్ల తీసేసిన్రు.
ఆయన బాగ బాగ అని బిస్కెటు తిన్నడు.
వాళ్ల జీపు మూలమలుపు తిరగకముందే
కుర్చీలు మళ్ల హాలుకు పోయినయి.

మే నెల. తునికాకు కల్లం.
చెవుల పెన్సిలు, తొడ మీద లెక్కల బుక్కు,
నేను మున్షీని.
ఇక్కడ సుత గీతలే, ఇక్కడ సుత పేర్లే,
కని ఖాళీ గీత ఒక్కటి లేదు.
పొద్దుగూకంగ ఆత్రం మాసే కట్టలు దించింది.
ఆమె కొడుకు బిర్జు నా క్లాసే,
ఎనుక బెంచీ, కిటికీ పక్కన.
ఒక కట్టల ఆకులు చినిగినయి.
సేటు "పక్కకెయ్యి" అన్నడు.
వాడు అటు తిరగంగ నేను లెక్కల కలిపిన.

ఆమె సూసింది.
మెచ్చుకోలె. కిందికి వంగి అడిగింది:
"కట్టకు ఆకులెన్నో నాకు ఎరుకే.
నీ తాసుకు పిల్లలెందరు సారూ?"

మిరపతోటలకు పోయినోళ్లను తీసేసిన,
పోలీసు భర్తీకి ఉరికేటోళ్లను తీసేసిన,
ఫీజు కట్టి మళ్ల రానోళ్లను తీసేసిన.
"ఎనిమిది మంది" అన్న.

కట్ట చేతుల తిప్పుకుంట అన్నది గదా,
"ఎండితే వదులైతది సారూ,
పచ్చిగున్నప్పుడే బిగించాలె."

వచ్చే కట్టకు చెయ్యి సాపిన.
సెప్టెంబరు ఇంక నాలుగు నెలలుంది.